విద్యార్థి తనకు తగిన పనిని తెలుసుకోవడానికి కళాశాల సిబ్బంది ఏం చేయగలరు?

కృష్ణాతీరం (విజయవాడ, కామర్స్ అధ్యాపకుడు)

సభ్యులందరికీ నమస్కారం. డిగ్రీ చివరి సంవత్సరం విద్యార్థులు మా గదికి వచ్చి అడిగే ప్రశ్నల్లో చాలావాటికి మా దగ్గర సమాధానాలు సిద్ధంగా ఉంటాయి. ఐసెట్ దరఖాస్తు గడువు ఎప్పుడు, బ్యాంకు పరీక్షలకు ఎలా చదవాలి, ప్రాంగణ నియామకాలకు వచ్చే కంపెనీలు ఏమేం అడుగుతాయి అన్నవి ప్లేస్‌మెంట్ విభాగం చూసుకుంటుంది. కానీ "నేను ఏ పనికి సరిపోతాను, ఏ పని చేస్తే నా చదువు నాకూ నలుగురికీ ఉపయోగపడుతుంది" అని అడిగే విద్యార్థికి సమాధానం చెప్పే బాధ్యత మాత్రం కళాశాలలో ఎవరికీ అప్పగించలేదు. అధ్యాపకుడు తనకు అప్పగించిన విద్యార్థులతో మాట్లాడే మెంటర్ గంట ఉంది గాని, అందులో హాజరు శాతం, తప్పిన పేపర్లు, బకాయి ఫీజు మాట్లాడేసరికి గంట కొడతారు.

మన ప్రాంతంలో ఈ ప్రశ్న ఇంత ఆలస్యంగా రావడానికి కారణం ఉంది. పదవ తరగతి ఫలితాలు వచ్చిన కొద్ది రోజులకే ఎంపీసీయా బైపీసీయా అన్నది ఇంట్లో తేలిపోతుంది. ఆ తరువాతి రెండేళ్లు స్టడీ అవర్‌కూ వారాంతపు పరీక్షకూ మధ్య గడుస్తాయి. ఈఏపీసెట్ ర్యాంకును బట్టి బ్రాంచి వస్తుంది, ఆ ర్యాంకు రానివారిలో ఎక్కువమంది డిగ్రీలో చేరతారు. 2023-24లో మన రాష్ట్రంలో డిగ్రీలో ఒకే మేజర్ సబ్జెక్టు విధానం ప్రవేశపెట్టడంతో, మునుపటిలాగా మూడు సబ్జెక్టులూ కొన్నాళ్లు చదివి ఒకదానివైపు మొగ్గే వెసులుబాటు కూడా తగ్గింది. ఇంటికీ హాస్టల్‌కూ బయట ఏ పనినీ దగ్గరగా చూడని పదిహేడేళ్ల పిల్లవాడిని "నీకు దేనిమీద ఆసక్తి" అని అడిగితే అతడు ఏమని చెప్పగలడు? విద్యార్థిని రకరకాల పనుల దగ్గరకు తీసుకువెళ్లడం సిబ్బంది మొదటి కర్తవ్యమనీ, తిరిగి వచ్చాక అతడు చెప్పేది ఓపికగా వినడం రెండవదనీ నేను నమ్ముతున్నాను.

ఇది అధ్యాపకులకే పరిమితమైన విషయమని నేను అనుకోవడం లేదు. గ్రంథాలయంలో, హాస్టల్లో, ప్రయోగశాలలో, ఆటస్థలంలో పనిచేసేవారు కూడా తమ అనుభవం రాయాలని కోరుతున్నాను. తల్లిదండ్రులు ఎవరైనా ఉంటే వారి మాట మరీ అవసరం.

పొన్నూరు రోడ్డు (గుంటూరు, వృక్షశాస్త్ర అధ్యాపకురాలు)

కృష్ణాతీరం గారు, పనుల దగ్గరకు తీసుకువెళ్లడానికి కొత్త పథకం ఏదీ అక్కర్లేదని నా అనుభవం. రాష్ట్ర ఉన్నత విద్యామండలి డిగ్రీ పాఠ్యప్రణాళికలోనే కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు పెట్టింది. మొదటి సంవత్సరం పూర్తయ్యాక వేసవిలో 180 గంటలు విద్యార్థి ఒక గ్రామంలోనో వార్డులోనో పనిచేయాలి. దానికి క్రెడిట్లు ఉన్నాయి. ఆ తరువాత ఇంటర్న్‌షిప్ కూడా ఉంది. కాగితంమీద ఇంతకంటె మంచి ఏర్పాటు ఉండదు. కానీ చాలాచోట్ల జరుగుతున్నది మనందరికీ తెలిసిందే. ముందు సంవత్సరం వాళ్ల నివేదిక జిరాక్స్ సెంటర్‌లో దొరుకుతుంది, ఊరి పేరు మార్చి బైండింగ్ చేయించి ఇస్తారు, మనం సంతకం పెడతాం.

మా విభాగంలో ఇద్దరు ముగ్గురం కలిసి ఆ ప్రాజెక్టును కొంచెం వేరుగా నడుపుతున్నాం. ఊరంతా సర్వే చేయమని చెప్పకుండా, ఊళ్లో ఒక పని చేసే ఒక మనిషిని ఎంచుకుని ఆ 180 గంటల్లో ఎక్కువ భాగం ఆ మనిషి వెంట ఉండమంటాం. రోజూ చేతిరాతతో అర పేజీ రాయాలి. ఆ రోజు ఆ మనిషి ఏ నిర్ణయం తీసుకోవలసి వచ్చింది, అందుకు ఏ విషయం తెలిసి ఉండాలి, ఎక్కడ చిక్కుపడ్డారు, వారి స్థానంలో తాను ఉంటే ఏం చేసేది అన్నవే ఆ అర పేజీలో ఉండాలి. అంతర్జాలంలో దొరకని సమాచారం అదే కనుక నకలు సమస్య దానంతట అదే తగ్గింది.

ఒక ఉదాహరణ చెబుతాను. 2021-22లో మన జిల్లాలో మిరప తోటలను నల్ల తామర పురుగు ఎంత దెబ్బ తీసిందో గుంటూరువారికి చెప్పనక్కర్లేదు. పూత నిలవలేదు, ఎకరానికి లక్షకు పైగా పెట్టుబడి పెట్టిన రైతులు మధ్యలోనే తోటలు దున్నేశారు. మరుసటి సంవత్సరం మా విద్యార్థిని ఒకరు తమ ఊరి రైతు భరోసా కేంద్రంలోని వ్యవసాయ సహాయకురాలి వెంట వెళ్లింది. మెడిసిన్ సీటు రాక, మరో దారి లేక బోటనీలో చేరానని అంతవరకూ చెప్పుకున్న అమ్మాయి. భూతద్దంతో ఒక్కొక్క పువ్వులో ఎన్ని పురుగులున్నాయో లెక్కపెట్టడం, నీలం రంగు జిగురు అట్టలు కట్టడం, మందు ఎప్పుడు కొట్టాలో ఎప్పుడు కొట్టకూడదో రైతుకు నచ్చజెప్పలేక సహాయకురాలు పడిన ఇబ్బంది, అన్నీ రాసుకొచ్చింది. తిరిగి వచ్చి, "మేడమ్, మొక్కకు జబ్బు చేస్తే ఇంట్లో ఎవరూ అన్నం తినరు, ఈ సంగతి నాకు పుస్తకంలో కనిపించలేదు" అన్నది. ఎం.ఎస్సీ.లో మొక్కల తెగుళ్లకు సంబంధించిన అంశాన్ని ఎంచుకుని చదువుతున్నది. ఆమెకు నేను సలహా ఇవ్వలేదు. ఆ డైరీ చదివి, నాకు అర్థం కానిచోటల్లా ప్రశ్నలు అడిగాను, అంతే.

అదే బృందంలో మరొక అబ్బాయి పొలం పని తనకు ఏ కోశానా పడదని రాశాడు. అతడికీ పూర్తి మార్కులు వేశాం. రెండేళ్లు పోయాక తెలుసుకోవలసిన విషయం అతడికి ఒక వేసవిలోనే తెలిసింది.

ఆటోనగర్ తండ్రి (విజయవాడ)

మాస్టారూ, మేడమ్‌గారూ, మీ మాటలు చదివాను. మంచి మనసుతోనే రాశారు, అందులో నాకు సందేహం లేదు. నేను ఆటోనగర్‌లో లేత్ షాపు నడుపుతున్నాను. మా అబ్బాయి మీలాంటి కళాశాలలోనే బీకాం రెండవ సంవత్సరం చదువుతున్నాడు. చిన్నవాడు ఇంటర్మీడియట్‌లో ఉన్నాడు. అమ్మాయి పెళ్లికి తెచ్చిన అప్పు ఇంకా తీరలేదు.

నా విన్నపం ఒక్కటే. పిల్లవాడితో ఆశయం గురించి మాట్లాడే రోజున ఇంటి పరిస్థితి గురించి కూడా మాట్లాడండి. మీ గదిలోంచి బయటికి వచ్చిన పిల్లవాడు ఇంటికి వచ్చి, "నాన్నా, నాకు ఇష్టమైనది వేరే ఉంది, మాస్టారు కూడా అదే అన్నారు" అంటే నేను మీకు విరోధిని అయిపోతాను, వాడికీ నాకూ మధ్య మాటలు తగ్గిపోతాయి. వాడు సంపాదించి పెట్టాలని నాకు లేదు. వాడికి నెలకు ఇంత అని నికరంగా వచ్చే దారి కనిపిస్తే చాలునని ఉంది. నేను చదువుకోలేదు గనుక ఏ చదువుకు ఏ పని వస్తుందో నాకు తెలియదు. తెలియనివాడికి భయం ఎక్కువగా ఉంటుంది. ఆ భయాన్ని మీరు తక్కువ చేసి చూడవద్దు.

ఇంకొక మాట. మీ పిల్లలు పని చూడాలనుకుంటే మా షాపుకు పంపండి. లారీ బాడీ కట్టేవారు, గేర్లు కోసేవారు, రంగులు వేసేవారు మా వీధిలోనే ఉన్నారు. వాళ్లలో లెక్కలు సరిగా రాసుకోలేక, జీఎస్టీ అర్థంకాక నష్టపోయేవాళ్లు చాలామంది. బీకాం పిల్లలకు అక్కడ పని ఉంది.

కృష్ణాతీరం

అయ్యా, మీ మాటకు ధన్యవాదాలు. మీ షాపుకు విద్యార్థులను తప్పకుండా పంపుతాను, ముందుగా వచ్చి మిమ్మల్ని కలుస్తాను. ఇంటి పరిస్థితి గురించి మీరు చెప్పినది నూటికి నూరు పాళ్లు నిజం. ఒక దారి గురించి విద్యార్థితో మాట్లాడేటప్పుడు దానికి ఎన్నేళ్లు పడుతుంది, ఫీజు ఎంత, ఆ ఏళ్లలో ఇంటికి ఎంత రాబడి తగ్గుతుంది, ఆ దారి కుదరకపోతే వెనక్కి వచ్చి చేయగలిగిన పని ఏమిటి అన్నవి ఒక కాగితంమీద విద్యార్థి చేతనే రాయించి, ఆ కాగితాన్ని ఇంట్లో చూపించమనడం మంచిదని నాకు తోస్తున్నది. కామర్స్ చదివే పిల్లలకు అది ఎలాగూ రావలసిన విద్యే. డబ్బు సంగతి దాచి మాట్లాడిన ఆశయం ఇంటి గుమ్మం దాటి లోపలికి వెళ్లదు.

గ్రంథపాలిక (విజయవాడ, కళాశాల గ్రంథాలయాధికారి)

గ్రంథాలయం ప్రస్తావన వచ్చింది కనుక రాస్తున్నాను. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం 1914లో ఈ బెజవాడలోనే ఏర్పడింది. అయ్యంకి వెంకటరమణయ్య గారు, ఆయనతోటివారు ఊరూరా గ్రంథాలయాలు పెట్టించడానికి తిరిగినప్పుడు, చదువుకునే అవకాశం దక్కనివాడికి కూడా తన బతుకును తానే దిద్దుకునే సాధనం అందాలన్నదే వారి తపన. ఇప్పుడు మా గ్రంథాలయాలకు విద్యార్థులు ఎక్కువగా పాత ప్రశ్నపత్రాల కోసం వస్తున్నారు. అయినా, వచ్చేవారిని గమనించే అవకాశం కళాశాలలో మాకే ఎక్కువగా ఉంటుంది. మార్కుల భయం లేకుండా విద్యార్థి కూర్చునే చోటు మాదొక్కటే.

కంప్యూటర్స్ చదివే ఒక విద్యార్థి రోజూ వచ్చి దినపత్రికలో కోర్టు వార్తలు మాత్రమే చదివి వెళ్లేవాడు. చాలాకాలం నేనేమీ అనలేదు. ఒకరోజు భూమి తగాదా తీర్పు ఒకటి అర్థం కావడం లేదని తనే నా దగ్గరకు తెచ్చాడు. వాళ్ల తాతగారి పొలం తగాదా కూడా అటువంటిదేనట. రాజ్యాంగం తెలుగు ప్రతి, సివిల్ విషయాలను సులభంగా వివరించే పుస్తకం ఒకటి ఇచ్చాను. డిగ్రీ అయ్యాక లాసెట్ రాసి మూడేళ్ల న్యాయశాస్త్రం చదవవచ్చన్న సంగతి అతడికి తెలియదు. న్యాయశాస్త్రం అంటే ఇంటర్ తరువాత అయిదేళ్లు చదవాలనే అనుకుంటున్నాడు. ఆ ఒక్క సమాచారం చెప్పడానికి నాకు రెండు నిమిషాలు పట్టింది. అది ఎప్పుడు చెప్పాలో తెలియడానికే ఎక్కువ కాలం పట్టింది.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఎవరు ఏ పుస్తకం తీసుకున్నారన్నది వారి సొంత విషయం. దాన్ని మెంటర్లకు జాబితాగా ఇవ్వమని ఎవరైనా అడిగితే నేను ఇవ్వను. విద్యార్థి తనంతట తాను నాతో మాట్లాడినప్పుడే నేను ముందుకు వస్తాను.

జీవితచరిత్రల విషయంలో ఒక సూచన. తెనాలి దగ్గర యలవర్రులో 1922లో రైతు కుటుంబంలో పుట్టిన యలవర్తి నాయుడమ్మ గారి గురించి మన పిల్లల్లో చాలామందికి తెలియదు. రసాయన సాంకేతిక విద్య చదివిన మనిషి, సమాజం చిన్నచూపు చూసిన తోలు పనిని తన పరిశోధనగా ఎంచుకుని, మద్రాసులోని కేంద్రీయ తోళ్ల పరిశోధన సంస్థకు సంచాలకులయ్యారు. తరువాత దేశంలోని శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలికే అధిపతి అయ్యారు. ప్రయోగశాలలో కనుగొన్నది తోళ్లు ఊనేవారి చేతికి చేరాలని పట్టుబట్టినవారు. పేరున్న పనిని ఎంచుకోవడం ఒక పద్ధతి, అవసరమున్న పనికి పేరు తేవడం మరొక పద్ధతి అని పిల్లలకు చెప్పడానికి మన జిల్లాల్లో ఇంతకంటె మంచి ఉదాహరణ నాకు తెలియదు.

రంగస్థలాభిమాని (గుంటూరు, పూర్వ విద్యార్థి)

నందమూరి తారక రామారావు గారి ఉదాహరణ కూడా ఉంది కదా. విజయవాడ ఎస్సారార్ కళాశాలలో విశ్వనాథ సత్యనారాయణ గారు తెలుగు శాఖలో ఉన్న రోజుల్లో రామారావు గారి చేతనే ఒక నాటకంలో స్త్రీ పాత్ర వేయించారు. మీసం తీయనని పట్టుబట్టి అలాగే వేదిక ఎక్కారన్నది అందరికీ తెలిసిన సంగతే. తరువాత గుంటూరు ఏసీ కళాశాలలో చదివారు, నాటకాలు ఆడారు. 1947లో ప్రత్తిపాడులో సబ్ రిజిస్ట్రార్ ఉద్యోగం వస్తే మూడు వారాల్లో వదిలి సినిమాకు వెళ్లారు. కళాశాల ఆ వేదిక ఇవ్వకపోతే ఆ దారి ఆయనకు కనిపించేదా? సాంస్కృతిక కార్యక్రమాలకు నిధులు తగ్గించే యాజమాన్యాలు ఈ విషయం ఆలోచించాలి.

మనోవాణి (గుంటూరు, కౌన్సెలింగ్ నిపుణురాలు)

వేదిక ఉండాలన్నంతవరకు మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. కానీ ఉద్యోగం వదిలి మహానటుడైన ఒక్కరి కథను పద్దెనిమిదేళ్ల పిల్లల ముందు ఆదర్శంగా పెట్టేటప్పుడు జాగ్రత్త అవసరం. నా దగ్గరకు వచ్చే విద్యార్థుల్లో చాలామందిని బాధించేది ఒకే నమ్మకం: ప్రతి మనిషికీ ముందే నిర్ణయమైన గొప్ప పని ఒకటి ఉంటుందనీ, తోటివారికి అది దొరికిందనీ, తమకు మాత్రం దొరకలేదనీ. చేసే పనిమీద శ్రద్ధ పెరిగి, దానివల్ల ఎవరికి మేలు జరుగుతున్నదో కళ్లారా చూశాక, కొన్నేళ్లకు "ఇది నా పని" అనే భావన కలిగినవారే నాకు ఎక్కువగా కనిపించారు. సిబ్బంది ఈ సంగతి ముందుగానే చెబితే పిల్లల గుండెలమీది బరువు సగం దిగుతుంది.

ఆసక్తి పరీక్షల గురించి కూడా ఒక మాట. అమెరికాకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ హాలండ్ 1959లో ప్రతిపాదించిన సిద్ధాంతం ఆధారంగా, చేతిపనివైపు మొగ్గేవారు, పరిశోధనవైపు మొగ్గేవారు, కళ, సేవ, వ్యాపార నాయకత్వం, క్రమబద్ధమైన కార్యాలయ పని వైపు మొగ్గేవారు అని ఆరు రకాలుగా చూపే ప్రశ్నావళులు వాడుకలో ఉన్నాయి. వాటిని కళాశాలలకు అమ్మేవారు కూడా తిరుగుతున్నారు. ఆ ఫలితం చేతిలో పెట్టి పంపిస్తే కీడే ఎక్కువ జరుగుతుంది. ఎప్పుడూ రంపం పట్టని అమ్మాయికి చేతిపనిమీద ఆసక్తి తక్కువ అని వస్తే, అది ఆమె స్వభావమా లేక ఆమెకు దక్కని అవకాశమా? ఆ ఫలితంతో సంభాషణ మొదలుపెట్టవచ్చు. దానితోనే ముగించకూడదు.

అన్నిటికంటె ముఖ్యమైనది ఇది. "దేనికీ అర్థం కనిపించడం లేదు సార్" అని ఒక విద్యార్థి అన్నప్పుడు అది ఎప్పుడూ వృత్తి గురించిన ప్రశ్నే అనుకోకండి. నిద్ర తగ్గిందా, తిండి మానేశాడా, స్నేహితులకు దూరమయ్యాడా, తాను లేకపోతేనే మంచిదన్నట్లు మాట్లాడుతున్నాడా అని గమనించండి. అనుమానం వస్తే నేరుగా, మెల్లగా అడగండి. అడిగినందువల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. ఒంటరిగా వదలకండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ సేవ 14416 నంబరులో రాత్రింబవళ్లు ఉచితంగా అందుతుంది, తెలుగులోనూ మాట్లాడతారు. ఈ నంబరు ప్రతి అధ్యాపకుడి దగ్గరే గాక ప్రతి అటెండరు దగ్గర, వాచ్‌మన్ దగ్గర కూడా ఉండాలి.

మగ్గంగుంట (మంగళగిరి, పూర్వ విద్యార్థి)

మాది చేనేత కుటుంబం. నేను డిగ్రీలో ఉండగా ఒక సభలో నన్ను వేదికమీదకు పిలిచి, మంగళగిరి నేతకు భౌగోళిక గుర్తింపు ఉందనీ, ఈ వారసత్వాన్ని నేను నిలబెట్టాలనీ ఒక పెద్దమనిషి ఉపన్యసించారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ రోజుల్లో మా ఇంట్లో ఇద్దరు పొద్దస్తమానం మగ్గంమీద కూర్చున్నా ఇల్లు గడవడం కష్టంగా ఉండేది. మా నాన్న తన పిల్లలను ఆ మగ్గం గుంటలోకి దించకూడదనే చదివిస్తున్నాడు. ఆ సభలో నాకు చాలా బాధ కలిగింది. కులవృత్తి ఉన్న పిల్లవాడిని చూడగానే దాన్ని కొనసాగించమని చెప్పడం, లేదా దాన్నుంచి బయటపడమని చెప్పడం, రెండూ అతడిని అడగకుండా చేసే నిర్ణయాలే.

నాకు సహాయం చేసినది మా ఆర్థికశాస్త్రం మాస్టారు. ఆయన మా ఇంటికి వచ్చి, నూలు ఎంతకు వస్తుంది, రంగు ఖర్చు ఎంత, నేయించుకునే మాస్టర్ వీవర్ కూలి ఎంత ఇస్తాడు, అదే చీర దుకాణంలో ఎంతకు అమ్ముతారు అని మా నాన్నను అడిగి రాసుకున్నారు. ఆ లెక్క నా ముందు పెట్టి, "ఈ మధ్యలో డబ్బు ఎక్కడ ఆగిపోతున్నదో నువ్వు చెప్పు" అన్నారు. నేత పని సాంకేతికంగా నేర్చుకోవాలంటే వెంకటగిరిలో చేనేత సాంకేతిక విద్యాసంస్థ ఉందని, వద్దనుకుంటే ఎం.కాం. ఉందని, రెండింటి వివరాలూ తెచ్చి ఇచ్చి ఇక నోరెత్తలేదు. నేను ఎం.కాం. చదివాను. ఇప్పుడు ఒక చేనేత సహకార సంఘంలో లెక్కలు చూస్తున్నాను. మగ్గంమీద కూర్చోను, కానీ మగ్గానికి దూరంగానూ లేను. ఈ మూడో దారి ఒకటి ఉంటుందని ఆ లెక్క చేయకముందు నాకు తెలియదు.

ఆటోనగర్ తండ్రి

నాయనా, మీ మాస్టారు మీ ఇంటికి రావడం గొప్ప సంగతి. అదే నేను చెప్పాలనుకున్నది.

వసతిగృహం (గుంటూరు, బాలికల హాస్టల్ వార్డెన్)

పెద్దలందరికీ నమస్కారం. నేను ఇంత పెద్ద విషయాలు రాయగలదాన్ని కాను గాని, హాస్టల్లో చూసినది చెబుతాను. పల్నాడు పల్లెల నుంచి, బాపట్ల వైపు నుంచి వచ్చే ఆడపిల్లలు మా దగ్గర ఎక్కువ. ఇళ్లలో డిగ్రీ వరకు చదివిన మొదటి ఆడపిల్లలు చాలామంది. వాళ్లు ఏం కావాలనుకుంటున్నారో తరగతిలో చెప్పరు. రాత్రి భోజనాలయ్యాక, వరండాలో బట్టలు మడత పెట్టుకుంటూ మాట్లాడుకుంటారు. అప్పుడు నేను పక్కన కూర్చుంటాను.

మూడవ సంవత్సరంలో సంక్రాంతి సెలవులకు వెళ్లిన పిల్లల్లో కొందరు పెళ్లి కుదిరిందని తిరిగి వస్తారు, కొందరు రానే రారు. ఒక అమ్మాయి నర్సింగ్ చదవాలనుకునేది. మా హాస్టల్లో ఎవరికి జ్వరమొచ్చినా రాత్రంతా మేలుకుని చూసేది ఆ అమ్మాయే. ఆ సంగతి కళాశాలలో ఒక్క మాస్టారికీ తెలియదు, ఎందుకంటే మార్కుల్లో ఆమె వెనుకబెంచీ పిల్ల. వాళ్ల అమ్మగారు వచ్చినప్పుడు నేను పెళ్లి ఆపమని చెప్పలేదు, చెప్పే హక్కు నాకు లేదు. "మీ అమ్మాయి ఇక్కడ ఎంతమందిని చూసుకుందో మీకు తెలుసా" అని మాత్రం చెప్పాను. ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకున్నారు. పెళ్లి జరిగింది. అయితే చదివిస్తామనే మాట పెళ్లివారి దగ్గర ముందే తీసుకున్నారు, ఆ మాట నిలబెట్టుకున్నారు కూడా.

నా కోరిక ఒక్కటే. మెంటర్ల సమావేశాలకు మమ్మల్ని పిలవరు. వార్డెన్‌ను, ల్యాబ్ అటెండరును, ఆటలు నేర్పే పీడీ గారిని సంవత్సరానికి ఒక్కసారైనా కూర్చోబెట్టి, "ఈ పిల్ల ఏ పనిలో బాగుంటుందని మీకు అనిపించింది" అని అడిగితే, మార్కుల జాబితాలో లేని సంగతులు ఎన్నో తెలుస్తాయి.

పొన్నూరు రోడ్డు

అమ్మా, మీరు "రాయగలదాన్ని కాను" అన్నారు గాని, ఈ చర్చలో నాకు అన్నిటికంటె ఉపయోగపడిన మాట మీదే. మా ల్యాబ్ అసిస్టెంటు గారు కూడా ఇటువంటి విషయాలు ఎన్నో చెబుతుంటారు, మేమే అడగం.

దూరతీరం (పూర్వ విద్యార్థి, ప్రస్తుతం అమెరికా)

ఇక్కడి చిన్న కళాశాలల సంఘం ఒకటి, కౌన్సిల్ ఆఫ్ ఇండిపెండెంట్ కాలేజెస్ అనేది, 2009లో నెట్‌వ్యూ అనే ఒక కూటమిని మొదలుపెట్టింది. విద్యార్థులు తమ వృత్తి, జీవిత ప్రయోజనం గురించి ఆలోచించడానికి సభ్య కళాశాలలకు అది తోడ్పడుతుంది. అధ్యాపకులతోపాటు హాస్టళ్లలో, విద్యార్థి సేవల్లో పనిచేసేవారిని కూడా ఆ పనిలో భాగస్వాములను చేస్తారు. వార్డెన్ గారు అడిగినది న్యాయమైనదని చెప్పడానికే ఇది రాస్తున్నాను. అయితే ఇక్కడ విద్యార్థి మేజర్ మార్చుకోవడం సులభం, ఒక సంవత్సరం ఆగి చూడటం కూడా కొందరికి సాధ్యమే. అక్కడ ఇల్లంతా కలిసి నిర్ణయిస్తుంది, ఒక సంవత్సరం వృథా అయితే ఫీజు రీయింబర్స్‌మెంట్ పోతుందన్న భయం ఉంటుంది. కనుక ఇక్కడి పద్ధతిని యథాతథంగా తీసుకోవడం కుదరదు.

గంటల లెక్క (విజయవాడ, అతిథి అధ్యాపకుడు)

నేను గంటకు ఇంత అని వేతనం తీసుకునే అతిథి అధ్యాపకుడిని. సెలవుల్లో వేతనం ఉండదు, వచ్చే సంవత్సరం ఉంటానో లేదో జూన్ వరకు తెలియదు. విద్యార్థితో కూర్చుని మాట్లాడే గంట నా లెక్కలోకి రాదు. అయినా మాట్లాడుతున్నాను, ఎందుకంటే వాళ్లు నా దగ్గరకే వస్తారు. వయసులో దగ్గరివాడిని కావడం ఒక కారణం. కానీ తన జీవనమే నిలకడ లేని మనిషి, జీవిత ప్రయోజనం గురించి పిల్లలకు ఏ ధైర్యంతో చెప్పాలి? ఇది ఫిర్యాదు కాదు, నిజంగా అడుగుతున్నాను.

మనోవాణి

మీరు చెప్పవలసిన అవసరం లేదు. మీ పరిస్థితిలో కూడా ఈ పాఠం చెప్పే పనిని ఎందుకు వదలలేదో విద్యార్థి అడిగినప్పుడు నిజాయితీగా చెప్పండి, కష్టాలతో సహా. పని అంటే ఇష్టమూ ఇబ్బందీ కలిసి ఉంటాయని నిలకడైన ఉద్యోగంలో ఉన్నవారి కంటె మీరే బాగా చూపగలరు. కానీ మీ గంటకు వేతనం ఇవ్వవలసిన బాధ్యత యాజమాన్యానిది. సిబ్బంది మంచితనంమీద ఆధారపడి నడిచే ఏర్పాటు రెండేళ్లకు మించి నిలవదు. కళాశాలలకు గ్రేడు ఇచ్చే న్యాక్ బృందం వచ్చినప్పుడు మెంటర్ పుస్తకాలు చూపించే కళాశాల, ఆ పుస్తకం వెనుక ఉన్న గంటను కూడా టైంటేబుల్‌లో చూపించాలి.

గ్రంథపాలిక

ఒక చిన్న విషయం చేర్చాలి. ప్రయోజనం గురించి మాట్లాడేటప్పుడు మన మతాన్ని, మన పార్టీని, మన గురువును విద్యార్థిమీద రుద్దే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. మన రెండు ఊళ్లలోనూ మిషనరీ కళాశాలలు ఉన్నాయి, హిందూ ధర్మసంస్థల కళాశాలలూ ఉన్నాయి. వాటిలో చదివే పిల్లలు అన్ని మతాలవారు. విద్యార్థి తన విశ్వాసం నుంచి మాట్లాడితే గౌరవంగా వినాలి. మన విశ్వాసం చెప్పాలా వద్దా అన్నది అతడు అడిగినప్పుడు చూసుకోవచ్చు.

కృష్ణాతీరం

చర్చలో పాల్గొన్న అందరికీ కృతజ్ఞతలు. వచ్చే సెమిస్టరుకు ముందు జరిగే మా స్టాఫ్ కౌన్సిల్‌లో ఈ ప్రతిపాదనలు పెట్టబోతున్నాను. మొదటి సంవత్సరం విద్యార్థులకు వారానికి ఒక మెంటర్ గంటను టైంటేబుల్‌లో చేర్చి, అతిథి అధ్యాపకులు తీసుకున్నా దానికి వేతనం ఇవ్వాలని అడుగుతాను. వార్డెన్, గ్రంథాలయాధికారి, ల్యాబ్ సిబ్బంది, పీడీ కూర్చునే సమావేశం సెమిస్టరుకు ఒకటి ఉండాలని కోరతాను. కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టులో బీకాం విద్యార్థుల కోసం ఆటోనగర్ షాపుల జాబితా, గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ దుకాణాల జాబితా తయారు చేయాలని ఉంది. టిక్కీ (మిర్చి బస్తా) తూకం నుంచి రైతు చేతికి డబ్బు అందేవరకు జరిగే లెక్క అంతా ఒక విద్యార్థి వెంట ఉండి చూస్తే, ఏడాదంతా చెప్పే అకౌంటెన్సీ పాఠానికి అది తోడవుతుంది. వేసవిలో యార్డుకు సెలవులు ఉంటాయి గనుక తేదీలు ముందుగా చూసుకోవాలి. తల్లిదండ్రుల సమావేశాన్ని మార్కుల ప్రకటనతో కాకుండా, ముగ్గురు పూర్వ విద్యార్థుల మాటలతో మొదలుపెట్టాలనుకుంటున్నాను. వారిలో ఒకరైనా సచివాలయంలోనో సొంత దుకాణంలోనో పనిచేస్తూ ఇక్కడే ఉన్నవారై ఉండాలి. విదేశాల్లో స్థిరపడినవారినే పిలిస్తే, ఊళ్లో ఉండిపోవడం ఓటమి అన్న అభిప్రాయం పిల్లల్లో బలపడుతుంది.

పొన్నూరు రోడ్డు మేడమ్‌గారు, మీ డైరీ నమూనా ఒకటి పంపగలరా?

పొన్నూరు రోడ్డు

తప్పకుండా పంపుతాను. అది ఒక్క పేజీయే, పైన చెప్పిన నాలుగు ప్రశ్నలు తప్ప అందులో ఏమీ లేవు. దాన్ని అచ్చు వేయించి ఖాళీలు పూరించే ఫారంగా మార్చవద్దని మాత్రం మనవి. మా దగ్గర ఒక సంవత్సరం అలా చేశారు, జవాబులన్నీ ఒకే రకంగా వచ్చాయి. తెల్ల కాగితం ఇవ్వండి. డైరీలను న్యాక్ ఫైల్లో పెట్టవద్దు. విద్యార్థి ఇంటి సంగతులు, తన భయాలు కూడా వాటిలో రాసుకుంటాడు కనుక, చదివాక అతడికే తిరిగి ఇచ్చేయాలి. ఫైలుకు కావలసిన నివేదికను వేరుగా రాయించుకోవచ్చు. డైరీ చదివే అధ్యాపకుడికి పదిహేను మందికి మించి అప్పగించకండి. అంతకు మించితే చదవడం ఆగిపోయి సంతకాలు మొదలవుతాయి.

వార్డెన్ గారు, మా కళాశాల సమావేశం తేదీ ఖరారు కాగానే మీకు కబురు చేస్తాను. మీ హాస్టల్లో మా విద్యార్థినులు కూడా ఉన్నారు.